నర్సమ్మ చేయి

పెళ్లయిన నెలకే గోదావరి మా లంకను ముంచేసింది. బడి మేడ మీది శిబిరంలో గంగాధర్‌కూ నాకూ కలిపి ఒకటే దుప్పటి ఇచ్చారు. అంత కష్టంలోనూ నాకు లోలోపల సంతోషమే వేసింది.

అత్తయ్యకు కలరా సోకాక ఆ సంతోషం ఎగిరిపోయింది. ఆమెకు సెలైన్ ఎక్కించింది ఒక మరమనిషి. వరద వచ్చిన ప్రతి చోటికీ ఇప్పుడు అలాంటివే పంపుతున్నారు. దాని చేతులను మొజాంబిక్‌లో తన ఇంట్లో కూర్చుని ఆడించే నర్సు పేరు ఇనాసియా. ఆవిడ మాటలు మాకు తెలుగులో వినిపించేవి.

“కొత్త పెళ్లికూతురా, ఆ పసుపుతాడు అన్నిసార్లు తడుముకుంటావేం? ఎవరూ ఎత్తుకుపోర్లే.”

“నీకు కుళ్లు నర్సమ్మా,” అనేది అత్తయ్య, నీరసంగా నవ్వుతూ.

ఒక ఉదయం ఇనాసియా అత్తయ్య నాడి పట్టుకుని, “గండం గడిచింది. ఇక గంజి పట్టొచ్చు,” అంది. తర్వాత మెల్లగా, “మా వీధిలోకీ నీళ్లొచ్చాయి,” అంది.

“అయ్యో, ముందు మీరు మేడెక్కండి నర్సమ్మగారూ,” అన్నాను.

“మాకు మేడెక్కడిదమ్మా? ఈ సూది తీసేసి వెళ్తాను.”

సూది తీసింది, దూది అద్దింది. మళ్లీ ఒకసారి నాడి పట్టుకుంది. అంతే, మరమనిషి ఆగిపోయింది. ఎంత పిలిచినా పలకలేదు.

అత్తయ్య మణికట్టు చుట్టూ బిగిసిన ఆ వేళ్లను గంగాధర్ ఒక్కొక్కటే విడదీయబోయాడు.

“ఉండనీరా అబ్బాయ్,” అంది అత్తయ్య. “అక్కడ నీళ్లల్లో ఉందేమో. పట్టుకోనీ.”