మెరుపు చచ్చిన బండ

ఛీ, మళ్ళీ అదే మచ్చ!

సంధ్య ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుంది. వంటసోడా ముద్ద పూసి, ఆరాక తుడిచి, పాలిష్ పొడి చల్లి, రెక్కలు పడిపోయేలా రుద్దిన పాలరాతి బండలవి. నిన్న సాయంత్రం అద్దంలా మెరిశాయి. తెల్లారేసరికి వంటింటి గడప నుంచి బాత్రూం దాకా బాట వేసినట్టు మసకబారాయి. పైగా పుల్లటి కంపు.

ఎమ్మిగనూరులోని ఆ ఇంట్లో, సరిగ్గా అక్కడే, మొన్నటిదాకా మగ్గం గుంత ఉండేది. భర్త ప్రకాష్ దాన్ని పూడ్పించి పాలరాయి వేయించాడు. మొదటిసారి పాలిష్ చేసిన రోజు సంధ్య అరికాలు సర్రున జారింది. గోడ పట్టుకుని నిలబడి, నునుపంటే ఇదీ అని మురిసిపోయింది. ఆదివారం ఆదోని నుంచి పుట్టింటివాళ్ళు ఇల్లు చూడ్డానికి వస్తున్నారు. ఈ మురికి మచ్చ చూపించాలా వాళ్ళకి?

ఎవరి పనో తెలియంది కాదు. అత్త ఏనాడో పోయింది. భార్యాభర్తలు కాక ఇంట్లో ఉన్నది మామ శంకరప్ప ఒక్కడే. మగ్గం పీకేశారని ముసలాయనకు కచ్చ.

ఆయనంటేనే ఆమెకు రోత పుట్టింది. ఆ పొగాకు రోత. ఆ దగ్గు రోత. పొద్దున ఆయన కలిపిచ్చిన కాఫీ వాసన చూసి, గ్లాసుతో సహా తీసుకెళ్ళి బాత్రూంలో పారబోసింది. ఆయన చూస్తూనే ఉన్నాడు. చూడనీ!

మధ్యాహ్నం దొంగ దొరికాడు. శంకరప్ప గొంతుక్కూర్చుని, టెంకాయ చిప్పలోని చింతపండు గుజ్జుతో బండను తోముతున్నాడు.

“ఏం పని మామా ఇది? ఇత్తడి చెంబనుకున్నావా? పులుపు తగిలితే పాలరాయి సచ్చిపోతాదని తెలీదా నీకు?”

“తెలుసమ్మా,” అన్నాడాయన తలెత్తకుండా.

తెలిసే చేస్తున్నాడు! సంధ్యకు ఒళ్ళు మండిపోయింది. అంగట్లో ఉన్న ప్రకాష్‌కు ఫోన్ కొట్టింది.

“ఏమప్పా, మీ నాయిన రోత నేను పడలేను. ఆలూరులో మీ అన్న ఇంటికి పంపిస్తావో, నన్ను ఆదోనికి పొమ్మంటావో, నీ ఇష్టం!”

ప్రకాష్ ఆదరాబాదరాగా వచ్చాడు. బండను చూశాడు, చిప్పను చూశాడు. తండ్రి మీద అతనికీ అసహ్యమే కలిగింది.

“మగ్గం పోయిందని ఇంత పగనా నాయినా? ఇంత చిల్లర బుద్ధా?”

శంకరప్ప రెండు పంచెలు సంచిలో కుక్కుకున్నాడు. సంధ్య మొహం తిప్పుకుంది. సోడా ముద్ద కలుపుకుని మళ్ళీ బండ దగ్గర కూర్చుంది.

ముసలాయన గడప దాకా పోయి ఆగాడు. కోడలి వైపు చూడటానికి సిగ్గుపడి, కొడుకును దగ్గరికి పిలిచి గొంతు తగ్గించాడు.

“మీయమ్మ ఉంటే ఆయమ్మ సెప్పేది, మామను నేనెట్ల సెప్పేదిరా... కాఫీ వాసన గూడా పడకపాయె, నా కోడలు నీళ్ళు పోసుకునింది, ఈ నున్నటి బండ మీద కాలు జారకుండా సూసుకో.”