చూసే మనిషి

ఓడిపోయేవాళ్ళ పక్షాన నిలబడే హక్కు అందరికీ ఉంటుందా?

పదకొండు శుక్రవారాలుగా నన్ను నేను అడుగుతున్న ప్రశ్న ఇది. పదకొండు శుక్రవారాలుగా మా జట్టు ఓడిపోతూనే ఉంది.

మా జట్టు అంటున్నాను గాని, అందులో నాకు వాటా ఏమీ లేదు. దోహాలో ఆస్ట్రేలియా ఫుట్‌బాల్ ఆడే నాలుగు జట్లలో అది చివరిది. పెద్ద ఆటగాళ్ళు ఉద్యోగాలు మారి దేశం విడిచిపోతే, పందొమ్మిది, ఇరవై ఏళ్ళ కుర్రవాళ్ళతో దాన్ని మొదటినుంచి మళ్ళీ కడుతున్నారు.

నాది భీంగల్. ప్రపంచ కప్పు కోసం లేస్తున్న స్టేడియం సైటులో లారీలను ఆపడం, వదలడం నా పని. "కన్ను చూసింది చెయ్యి చెప్పాలె. నడుమ మనసును రానియ్యద్దు" అని ఫోర్‌మన్ భూమేష్ మొదటి రోజే చెప్పాడు. క్రేను కింద మనుషులుంటారు. అక్కడ జాలికి చోటు లేదు.

సైటు ఇంజనీరు ఆస్ట్రేలియావాడు. ఒకరోజు వచ్చీరాని హిందీలో పిలిచాడు. "లింబాద్రీ, ఫ్రైడే ఆవో. గేమ్ దేఖ్నేవాలా ఆద్మీ నహీ."

ఆట చూసే మనిషి లేడట. వెళ్ళాను.

కోలగా ఉండే బంతి. మైదానం రెండు చివర్లా నాలుగేసి స్తంభాలు. నడిమి రెండు పొడుగు స్తంభాల మధ్య నుంచి బంతి నేరుగా పోతే గోలు. ఆరు పాయింట్లు, రెండు జెండాలు లేస్తాయి. పోతూ పోతూ స్తంభాన్ని గోరంత తాకినా ఒక్కటే పాయింటు, ఒక్కటే జెండా.

నేను స్తంభాల దగ్గరే నిలబడతాను. అక్కడ నీడ ఉండదు. టెంట్ల కింద కూర్చున్నవాళ్ళెవరూ నన్ను రమ్మనలేదు. రమ్మన్నా వెళ్ళేవాణ్ణి కాను.

మావాళ్ళు బంతిని జారవిడిచినప్పుడల్లా పళ్ళు కొరికాను. ఎదుటి జట్లలోని దిట్టమైన మనుషులు మోచేతులతో వాళ్ళను కూలదోసినప్పుడు, ఆ మనుషుల్ని నిండు మనసుతో ద్వేషించాను. చప్పట్లు మాత్రం ఒక్కసారీ కొట్టలేదు. లోపల కేకలు వేస్తూ బయట రాయిలా నిలబడేవాడిది నిగ్రహమా, పిరికితనమా? తేల్చుకోలేకపోయాను.

క్యాంపులో నా గదివాడు గజేందర్ తేల్చేశాడు.

"ఆరు దినాలు ఎండల నిలవడ్డది సాల్తలేదా ర? ఏడో దినం గూడ నిలవడి ఆళ్ళను ముంచుతున్నవ్. నువ్వు ఐరన్ లెగ్గువు. నువ్వున్న దిక్కు గోలు రాదు."

గదంతా నవ్వింది.

జట్టులో తెలుగు వచ్చినవాడు ఉబైద్ ఒక్కడే. హైదరాబాదు కుటుంబం, దోహాలోనే ఓల్డ్ ఎయిర్‌పోర్ట్ అనే పేటలో ఇల్లు. వాడి తండ్రి ఫసీయుద్దీన్ మొన్నటి రంజాన్‌కు నన్ను పిలిచి, పక్కన కూర్చోబెట్టుకొని హలీం తినిపించాడు. పోయిన నెల జట్టు నాలుగు పాయింట్ల తేడాతో ఓడినరోజు అదే మనిషి నా మీదికి వచ్చాడు.

"నీ మొఖం సూస్తెనే పోరగాళ్ళ ఆట మునుగుతది. నమక్ హరామ్! మళ్ల మా గడప తొక్కకు."

ఉబైద్ తండ్రిని ఆపలేదు. "అన్నా, జర మా దిక్కు గూడ సూడరాదే" అన్నాడు, అంతే. తిట్టుకంటే ఆ మాట లోతుకు దిగింది.

పన్నెండో శుక్రవారం. చివరి ఆట. ఈ ఏడాది ఒక్క గెలుపైనా లేకపోతే జట్టును ఎత్తేస్తామని క్లబ్బు పెద్దలు ముందే చెప్పారు. ఫసీయుద్దీన్ దూరం నుంచే నా వైపు వేలు చూపి, పక్కవాళ్ళతో ఏదో అని, ఉమ్మాడు.

ఆఖరి భాగంలో మావాళ్ళు నేనున్న చివరకే ఆడుతున్నారు. మూడు పాయింట్లు వెనకబడి ఉన్నారు. క్షణాలు మిగిలాయనగా ఉబైద్ ఎగిరి, ఇద్దరి భుజాల మీదుగా బంతిని గాల్లోనే పట్టాడు. సైరన్ మోగింది. అలా పట్టినవాడికి సైరన్ తరువాత కూడా ఒక తన్ను మిగులుతుంది. గోలైతే గెలుపు. ఒక్క పాయింటైతే ఇక జట్టే లేదు.

టెంట్ల కింద నుంచి ఎదుటివాళ్ళ ఈలలు, ఎగతాళి, బూతులు. ఉబైద్ ఎవరినీ చూడలేదు. నాకు పేరిచ్చిన మా ఊరి లింబాద్రి గుట్ట మీది నర్సింహస్వామికి, పదేళ్ళ తరువాత, మొక్కుకున్నాను.

వాడు తన్నాడు. బంతి పైపైకి లేచి, నా తల మీదుగా, రెండు పొడుగు స్తంభాల నడుమ నుంచి వెళ్ళిపోయింది.

మైదానం హోరెత్తింది. కుర్రవాళ్ళు ఉబైద్ మీద కుప్పగా పడ్డారు. ఎదుటి జట్టువాళ్ళు నడుము మీద చేతులు పెట్టుకొని తలలు దించారు. ఫసీయుద్దీన్ టోపీ ఎగరేసి, రెండు చేతులూ చాచి నా వైపు పరుగెత్తాడు.

"లింబాద్రీ భాయ్! మాఫ్ జెయ్యి! యల్లా, నడువు, ఇయ్యాల మా ఇంట్లనే బిర్యానీ!"

బంతి తల దాటిన క్షణానే నా కనురెప్ప మీద చిటికెడు దుమ్ము రాలింది. వారం రోజుల ఇసుక గాలి కుడి స్తంభానికి అంటించిన దుమ్ము, బంతి గోరంత తాకి రాల్చింది. చప్పుడు లేదు. స్తంభం వణకలేదు. ఎవరూ చూడలేదు.

ఫసీయుద్దీన్ ఇంకా పదడుగుల దూరంలో ఉన్నాడు. ఏడుస్తున్నాడు.

అందరికీ ఉండదు ఆ హక్కు.

నా ఒంటి మీది అంపైరు కోటు దుమ్ము దులుపుకొని, నా రెండు జెండాల్లో ఒకదాన్ని నేల మీదే వదిలేసి, రెండోదాన్ని మాత్రమే పైకెత్తి ఊపాను.