ముప్పై ఏళ్ల చెయ్యి

గేటు పక్కనున్న నేరేడు చెట్టు పళ్లు రాల్చి రాల్చి నా తెల్ల కారుని ఊదారంగు చుక్కల చీర చేసింది. చెట్టు కొట్టించేస్తానన్నాను. మా ఆవిడ గొడవ పడలేదు. అదే వింత.

"మా పుట్టింట్లో ముప్పై ఏళ్లుగా చెట్లు కొట్టే తాత ఉన్నాడు. చెయ్యి తిరిగిన మనిషి. పిలిపిస్తాను," అంది.

తాత వచ్చాడు. గొడ్డలి పక్కన పెట్టి, చెట్టుకి దణ్ణం పెట్టి, మొదలుకి చెవి ఆనించాడు.

"ఏంటి తాతా అది?"

"అడుగుతున్నాను బాబూ. చెట్టంటే దేవుడు. చెప్పకుండా వేటు వెయ్యకూడదు. దాని మీద ఉన్నవాళ్లకి కూడా వేరే చోటు చూసుకునే గడువివ్వాలి. వారం ఆగి వస్తాను."

వారానికి కాకి గుడ్లు పెట్టింది. "పురిటి ఇల్లు బాబూ, కూలగొడతామా?" అన్నాడు తాత, మా ఆవిడ ఇచ్చిన కాఫీ తాగుతూ.

నెలన్నర తిరిగేసరికి కాకి పిల్లలు ఎగిరిపోయాయి. తొర్రలో ఉడత కాపురం పెట్టింది. మళ్లీ గడువు, మళ్లీ కాఫీ.

నాకు ఒళ్లు మండింది. "అసలీయన జన్మలో ఒక్క చెట్టయినా కొట్టాడా?" అని మా ఆవిడనే నిలదీశాను.

ఆమె కారు తుడిచే గుడ్డ తెచ్చి నా చేతిలో పెట్టింది. "మా పుట్టింటి పెరడు చూశారుగా," అంది.

చూశాను. అక్కడ మిట్టమధ్యాహ్నం కూడా లైటు వేస్తే గానీ బట్టలారేసే తాడు కనిపించదు.