తొంభై ఎనిమిది మార్కులు

సర్టిఫికెట్‌ను చొక్కా లోపల దాచుకుని ఇల్లు చేరాడు స్టోర్‌కీపర్. కూతురి కళ్లు కప్పలేకపోయాడు. ఆమె లాక్కుని చదివింది.

“తొంభై ఎనిమిది! నాన్నా, ఫస్టు నువ్వే!”

“నేనా? నా బదులు ఆన్‌లైన్‌లో పరీక్ష రాసింది నువ్వు. ఫ్యాక్టరీలో అందరూ చప్పట్లు కొడుతుంటే తల కొట్టేసినట్టయింది తల్లీ. పైగా రేపట్నుంచి స్టోరు లెక్కలు కంప్యూటర్‌లో ఎక్కించే పని మిగతావాళ్లకి నన్నే నేర్పమన్నారు.”

కూతురి నవ్వు ఆగిపోయింది.

ఏ నట్టు ఏ అరలో ఉందో కళ్లు మూసుకుని చెప్పగల ముప్ఫయ్యేళ్ల అనుభవం అతనిది. కంప్యూటర్ ముందు మాత్రం ఏ మీట నొక్కాలో తెలియదు.

“మీ కాలం పిల్లలకైతే ఇవన్నీ పుట్టుకతోనే వస్తాయి. చిటికెలో రాసేశావు. ఈ వయసులో నా బుర్రకెక్కుతాయా?”

ఆమె ఒక నోటుబుక్కు తెచ్చి ముందు పెట్టింది. పేజీల నిండా కొట్టివేతలే.

“ఇదేంటే?”

“నీ పరీక్షకి నేను చదివింది. మాక్ టెస్టులో మూడుసార్లు ఫెయిలయ్యాను నాన్నా. చెప్తే ఇంకా భయపడతావని చెప్పలేదు.”

చప్పట్ల మధ్య కూడా అతను ఇంతగా సిగ్గుపడలేదు.

“రేపు మా సారుతో నిజం చెప్పేస్తాను,” అంటూ కుర్చీ ఆమె పక్కకి లాక్కున్నాడు. “ముందు ఆ మాక్ టెస్టు తియ్యి. నేనింకా ఒక్కసారి కూడా ఫెయిలవలేదు.”