ఆయమ్మ ముక్కు

"పాప బడికి వెళ్తోంది కదా, ఇంక ఆయా ఎందుకు మనకి?" అంది అత్తగారు, కాఫీ కప్పు కింద పెడుతూ.

కోడలు కిటికీ తెర సర్దుతున్నట్టు అటు తిరిగింది.

వంటింట్లో పాప పాలగ్లాసు కడుగుతున్న ఆయమ్మ చేతులు ఆగిపోయాయి.

పాప పుట్టినప్పటినుంచి ఆ ఇంట్లోనే ఉంది ఆయమ్మ. నీళ్లు పోసింది, నిద్రపుచ్చింది, జ్వరమొస్తే ఒళ్లోంచి దించకుండా కూర్చుంది. వెనకవైపు చిన్నగదిలో ఉంటుంది. ఎన్నడూ సెలవు అడగదు. జీతమిస్తే తీసుకుని పెట్టెలో పడేస్తుంది తప్ప, ఖర్చుపెట్టగా ఎవరూ చూడలేదు. ఇలాంటి మనిషి దొరకడం మన అదృష్టమని ఇంటాయన వచ్చినవాళ్లందరితో చెబుతుంటాడు.

వచ్చిన చిక్కల్లా ఆయమ్మ ముక్కుతోనే.

ఆ ఊళ్లో రకరకాల జాతులవాళ్లున్నారు. అందరి రంగూ ఇంచుమించు ఒకటే. మాటా ఒకటే. ముక్కు చూసే ఎవరు ఎటువాళ్లో పోల్చుకుంటారు. ఆయమ్మది వెడల్పాటి ముక్కు, మధ్యలో వేలుపెట్టి నొక్కినట్టు ఉంటుంది. అలాంటి ముక్కున్నవాళ్లు ఇంట్లో పనికి బాగుంటారు గానీ, పక్కన కూచోబెట్టుకోడానికి బాగుండరని ఆ వీధిలో చాలామంది ఉద్దేశం. ఎవరూ పైకి అనరు. అత్తగారు అంటుంది.

"మంచిదే, కాదనను. కానీ పిల్ల నలుగురిలో తిరిగే వయసొచ్చింది. అస్తమానం ఆవిడ కొంగు పట్టుకుని తిరిగితే వాళ్ల అలవాట్లే వస్తాయి. ఇలాంటివి చెప్పడానికి నీకా, తల్లి లేదు. నేనే చెప్పాలి."

"కొన్నాళ్లు ఉండనివ్వండి అత్తయ్యా" అంది కోడలు.

మర్నాడు పాపని బడి గేటు దగ్గర దింపి, ఆయమ్మ తిన్నగా బజారు చివర ఉన్న ప్లాస్టిక్ సర్జరీ క్లినిక్‌కి వెళ్లింది. అక్కడున్న కుర్చీల్లో అందరూ ఆడపిల్లలే. ఫోన్లలోంచి తలెత్తి ఆమెని ఒకసారి చూసి, మళ్లీ తలలు దించుకున్నారు.

"ముక్కు మార్పించాలమ్మా" అంది ఆయమ్మ లోపలికి వెళ్లగానే.

"మీ అమ్మాయికా?" అడిగింది డాక్టరమ్మ.

"నాకేనమ్మా."

డాక్టరమ్మ కళ్లజోడు తీసి పక్కన పెట్టింది.

"ఈ కుర్చీలో కూర్చునేవాళ్లని చూస్తే నవ్వాలో ఏడవాలో తెలీదండీ. ఒక జాతివాళ్లు కళ్లు పెద్దవి చెయ్యమంటారు. ఇంకొకళ్లు పెదాలు సన్నం చెయ్యమంటారు. సన్నపెదాలవాళ్లేమో లావు చెయ్యమని వస్తారు. మీవాళ్లకి ముక్కు. నేను మాత్రం తక్కువ తిన్నానా? ఈ రెప్పల మీద మడతలు నా పుట్టుకతో వచ్చినవి కావు, కుట్టించుకున్నవే."

ఆయమ్మ నవ్వలేదు.

"పెళ్లికావాల్సిన పిల్లలొస్తారు, ఉద్యోగాలు వెతుక్కునేవాళ్లొస్తారు. ఈ వయసులో మీకెందుకు చెప్పండి? ఈ ముక్కు మీ అమ్మ ఇచ్చిందే అయ్యుంటుంది."

"అవునమ్మా. అచ్చం మా అమ్మదే." ఆయమ్మ ఒకసారి ముక్కు తడుముకుంది. "ఇంక దీంతో పని లేదు. ఇక్కడ సన్నంగా దిగాలి. కొస దగ్గర కాస్త లేవాలి. మా ఇంటి అమ్మగారి ముక్కులాగా."

"పనిచేసే ఇంటావిడ ముక్కా? మానిపించేస్తారని భయమా?"

"అలాంటిదేనమ్మా."

"ఎముక కొయ్యాలి. చాలా నెప్పి. రేపు పాతదే కావాలంటే ఆ పాత ముక్కు రాదు."

"తెలుసమ్మా. చూశాను."

చుట్టాలింట్లో ఎవరికో బాగాలేదని చెప్పి ఆయమ్మ మొదటిసారి సెలవు పెట్టింది. దాచిన జీతమంతా అక్కరకొచ్చింది. ఆమె లేనన్నాళ్లూ పాప అన్నం సరిగా తినలేదు. వీధి తలుపు చప్పుడైతే చాలు, పరిగెత్తుకుంటూ వెళ్లి చూసి వచ్చేది.

ఆయమ్మ తిరిగొచ్చేసరికి ముఖం మీద కట్లు లేవు. కళ్లకింద ఇంకా కాస్త వాపుంది. వరండాలో బొమ్మలు పేర్చుకుంటున్న పాప తలెత్తి చూసింది.

"ఎవరు నువ్వు?"

"నేనే బంగారం. ఆయమ్మని."

"కాదు. మా ఆయమ్మ ఇలా ఉండదు."

ఆయమ్మ చేతులు చాచింది. పాప వెనక్కి జరిగి, ఏడుస్తూ తల్లి కాళ్లకి చుట్టుకుంది. చాచిన చేతుల్ని ఎక్కడ పెట్టుకోవాలో ఆయమ్మకి తెలియలేదు.

"అమ్మగారూ, పాప జడుసుకుంది. మీరు ఎత్తుకోండి" అంది మెల్లగా.

అలికిడి విని బయటికొచ్చిన అత్తగారు ఆమెని ఎగాదిగా చూసింది. "ఈ వయసులో ఇదేం సోకు తల్లీ! ముక్కు మారితే మనిషి మారిపోతుందా?" అంటూ పాపని చంకనేసుకుని లోపలికి వెళ్లిపోయింది. పాప ఏడుపు లోపలి గదిలోంచి వినిపిస్తూనే ఉంది.

వరండాలో ఇద్దరే మిగిలారు. కోడలు నోటికి చెంగు అడ్డం పెట్టుకుంది. ఆమె భుజాలు కదులుతున్నాయి.

"ఎందుకు చేశావిలా? ఎవరు చెయ్యమన్నారు నిన్ను?"

ఆయమ్మ తలుపు వంక ఒకసారి చూసి, దగ్గరికొచ్చి ఆమె చెంప తుడిచింది.

"మళ్లీ మనిద్దరి ముక్కూ ఒక్కలా అయింది కదే, ఇప్పుడైనా పాపకి వాళ్లమ్మమ్మ బతికే ఉందని చెప్పవే."