తీతువు మింగేసిన అరుపు

జమ్ము ఏపుగా పెరిగిన ఒక మడుగులో బాతమ్మకు ఏడుగురు పిల్లలు. ఆ చుట్టుపక్కల అడవిపిల్లి తిరుగుతోందని తెలిసి, కాపలాకు ఒక పిట్టను పెట్టుకోవాలనుకుంది. ఆ కబురు తీతువు చెవిన పడింది.

తీతువు చూపు మహా చురుకు. దాని బెంగంతా గొంతు గురించే. అది కూస్తే అపశకునమని దారినపోయేవాళ్లు కూడా ఆగిపోతారు. అందుకని మూడు రోజులు మామిడితోపులో కూర్చుని కోయిల దగ్గర పాట నేర్చుకుని మరీ వెళ్లింది.

"ఏదీ, నీ గొంతు వినిపించు నాయనా," అంది బాతమ్మ.

తీతువు మెడ సాచి తీయగా అందుకుంది. బాతమ్మ తల ఊపింది. పాట సగంలో ఉండగా జమ్ము కదిలి, రెండు పచ్చని కళ్లు కనబడ్డాయి. తీతువుకు అరుపు గొంతు దాకా వచ్చింది. ఇప్పుడు అరిస్తే పడ్డ శ్రమంతా బూడిదలో పోసిన పన్నీరవుతుంది, ఈ ఒక్క చరణం అయిపోనీ అనుకుని, దాన్ని మింగేసింది.

చరణం ముగిసేసరికి నీళ్లు చెదిరి ఉన్నాయి. పిల్లలు ఆరుగురే ఉన్నారు.

"నువ్వు చూశావా?" అంది బాతమ్మ.

"చూశాను."

"మరి అరవలేదేం?"

"నా అరుపు మీకు నచ్చదేమోనని."

బాతమ్మ తిట్టలేదు. "దానికోసమే కదయ్యా నిన్ను పిలిచింది," అని, మిగిలిన పిల్లల్ని వెంటబెట్టుకుని వెళ్లిపోయింది.

ఆ కొలువు తీతువుకు ఎవరూ ఇవ్వలేదు. అయినా ఇవాళ్టికీ గడ్డిపోచ కదిలితే చాలు, అది మడుగు చుట్టూ తిరుగుతూ గొంతు చించుకుంటూనే ఉంటుంది.