వెనక స్ప్రింగు లేని సైకిలు

మెరిన్ వరండాలో పొయ్యికట్టెలు పేరుస్తోంది. తడివి వెనక్కి, ఎండినవి ముందుకి.

గేటు దగ్గర పాత పికప్ బండి ఆగింది.

దిగినామెకు అరవై దాటి ఉంటాయి. మోకాళ్ళదాకా బురద. బండిలోంచి ఒక సైకిలు దించి, పిలవకుండానే లోపలికి నడిపించుకొచ్చింది.

"బేకరీ గోడమీద చీటీ నీదేనా? పిల్లకి మొదటి కొండసైకిలు కావాలి, అయిదు వందల డాలర్ల లోపు అని?"

"మాదే. కానీ మా తమ్ముడు ఒకటి తెచ్చేశాడు," అంది మెరిన్.

వరండా మెట్లకి ఆనించిన నీలం సైకిలు తళతళలాడుతోంది. ముందూ వెనకా స్ప్రింగులు. మెరిన్ తమ్ముడు రోరీ పొద్దున్నే లాన్సెస్టన్ పట్నం వెళ్ళి తెచ్చాడు. నచ్చితే సాయంత్రం డబ్బు పంపాలి.

తెల్లారితే శనివారం, స్కూలు కొండసైకిలు జట్టు ఎంపిక. ఈ పాత తగరపు గనుల ఊరికి వాళ్ళొచ్చి మూడు నెలలు. ఇక్కడి పిల్లలు సైకిలు లేనివాళ్ళతో మాట కలపరు. మూడు నెలలుగా కూతురు బ్రైడీ స్కూల్లో ఒక్కతే మధ్యాహ్నం తిండి డబ్బా తెరుచుకుంటోంది. మెరిన్ దగ్గరున్నది ఒక్క సైకిలుకి సరిపడా డబ్బు. తప్పు చేస్తే రెండోదానికి దారి లేదు.

వచ్చినామె నీలం సైకిలు ఎత్తి తలకిందులు చేసింది.

"ఎవరు చూడమన్నారు మిమ్మల్ని?"

ఆమె హేండిల్ కింద అతుకు దగ్గర గోటితో గీకింది.

"ఇక్కడ రంగు కొత్తది. మిగతా అంతా పాతది. ఎందుకో?"

"అందానికి, పెద్దమ్మా," అన్నాడు రోరీ లోపల్నించి వస్తూ. "మీరు జుట్టుకి వేసుకోరని ఎవరూ వేసుకోకూడదా?"

"ఈ డబ్బుకి వెనక స్ప్రింగు రాదబ్బాయ్. వచ్చిందంటే ఇంకేదో రాలేదన్నమాట."

"మీదానికి అసలు వెనక స్ప్రింగే లేదుగా."

"లేదు. లేనిది విరగదు. బ్రేకులు పడతాయి. పిల్ల ఎత్తుకి సరిపోతుంది. నాలుగు వందలు."

రోరీ నవ్వాడు. "అక్కా, దీన్ని కొంటే ఇక తూర్పు తిరిగి దణ్ణం పెట్టుకోవడమే. కట్టె అయినా కాదు, పొయ్యిలో పెట్టడానికి."

మాటలు విని బ్రైడీ బయటికొచ్చింది. వస్తూనే నీలం సైకిలు నిలబెట్టి సీటు మీద చెయ్యి వేసింది.

ఆమె పిల్లని పైనుంచి కిందికి చూసింది.

"ఎన్నేళ్ళు?"

"పదమూడు."

"బరువెంత?"

"నలభై రెండు కిలోలు."

మెరిన్ చేతిలో కట్టె కింద పడేసింది. "దాని బరువుతో మీకేం పని? సైకిలు అమ్మడానికొచ్చారా, పిల్లని తూకానికి కొనడానికొచ్చారా?"

"దీన్ని ఆ నీలందాని మీద కొండెక్కించకు. చెప్పాను."

"మీ డొక్కు అంటగట్టాలని మాదానికి వంకలు పెట్టడం. మీలాంటివాళ్ళని ఊరికొకర్ని చూశాను. దయచెయ్యండి."

ఆమె తన సైకిలు బండిలోకి ఎక్కించుకుంది.

"మొండిఘటానివి," అంది. "పిల్లకీ అదే వస్తే కష్టం."

"మీ మొహం మళ్ళీ ఈ గుమ్మంలో కనిపించకూడదు."

ఆ సాయంత్రమే మెరిన్ డబ్బు పంపేసింది.

శనివారం పదకొండింటికి స్కూలునుంచి ఫోను వచ్చింది. కొండమీద మూడో మలుపులో నీలం సైకిలు అతుకు దగ్గర రెండు ముక్కలైంది. బ్రైడీ రాళ్ళలో పడింది. పైన వాన, పొగమంచు. ఊరి వాలంటీర్లు పిల్లని కిందికి దించారు, అంబులెన్సు బయల్దేరింది.

మెరిన్ ఆసుపత్రికి చేరేసరికి చీలమండకి కట్టు వేసేశారు. బ్రైడీ మందుమత్తులో ఉంది.

"ఎముక అతుక్కుంటుంది," అన్నాడు డాక్టరు. "ఆ చలిలో ఇంకో గంట పడుంటే మాత్రం నేనింత తేలిగ్గా చెప్పేవాణ్ణి కాదు. త్వరగా దించారు."

ఎవరు దించారో మెరిన్ అడగలేదు. రోరీకి ఫోన్లు చేస్తూనే ఉంది. రోరీ ఎత్తడంలేదు.

చీకటి పడకముందే పిల్లని ఇంటికి తెచ్చుకుంది. దారంతా బ్రైడీ నిద్రే. సోఫాలో పడుకోబెట్టి పొయ్యి రాజేస్తుంటే తలుపు తోసుకుని ఎవరో లోపలికొచ్చారు.

ఆమే. అదే బురద. ఒక చెయ్యి నడుంమీద. రెండో చేతిలో బ్రైడీ ఎడమకాలి బూటు.

మెరిన్‌కి ఒళ్ళు మండిపోయింది.

"సంతోషమేనా? మీరన్నట్టే అయింది. కళ్ళారా చూసిపోదామని వచ్చారా? ఏం, ఇవాళ రేటు తగ్గిస్తారా, పెంచుతారా?"

ఆమె మెల్లిగా, నడుం పట్టుకునే వంగి, బూటుని పొయ్యి పక్కన ఆరేలా బోర్లించింది. సోఫా దగ్గరికెళ్ళి కట్టులోంచి బయటికి కనిపిస్తున్న కాలివేళ్ళు ఒక్కొక్కటే ముట్టుకుని చూసింది.

"చెయ్యి తియ్యండి," అంది మెరిన్. "మీ దిష్టి తగిలిందే చాలు."

ఆమె చెయ్యి తీసింది. వెళ్ళిపోయింది.

బండి కదిలిన చప్పుడుకి బ్రైడీ కళ్ళు తెరిచింది.

"ఎవరమ్మా?"

"ఆ డొక్కు సైకిలు ముసల్ది. నీ బూటు ఎక్కడ ఏరుకొచ్చిందో ఏమో. పీడ వదిలింది, పడుకో."

బ్రైడీ బూటువైపు చూసింది.

"స్ట్రెచరు పట్టని దారమ్మా అది," అంది. "కిందిదాకా నన్ను వీపున మోసింది ఆవిడే. దారి పొడుగునా తిడుతూనే ఉంది... నలభై రెండన్నావు, నలభై అయిదుకి తక్కువ లేవు అని."